ఒక్క క్లిక్కుతో మెట్లు

అలిపిరి నుంచి తిరుమలకు 3,550 మెట్లు కట్టినవారిని తలచుకుంటే జాలేస్తుంది. పాపం, వారి దగ్గర కంప్యూటర్‌లో మెట్లు గీసిపెట్టే ప్లగిన్ లేదు. ఉంటే మొత్తం ఎత్తు ఒక గడిలో, మెట్టు ఎత్తు మరో గడిలో వేసి ‘ఓకే’ నొక్కేవారు. కొండ తనంతట తాను సర్దుకునేది.

ఇళ్ల త్రీడీ నమూనాలు గీసే సాఫ్ట్‌వేర్ స్కెచప్‌లో ఇప్పుడు అందరిదీ ఈ భక్తిమార్గమే. రూబీ అనే ప్రోగ్రామింగ్ భాష వచ్చినవారు ఎవరైనా ఎక్స్‌టెన్షన్ (ప్లగిన్‌కే మరో పేరు) రాయవచ్చు కాబట్టి గోడకొకటి, కిటికీకొకటి, పచ్చికకొకటి పుట్టుకొచ్చాయి. అన్నిటి ప్రకటనా ఒకటే: గంటల పని క్షణాల్లో. అబద్ధం కాదు, నిజంగానే అవుతుంది. మరి మిగిలిన గంటలు ఏమవుతున్నాయి?

ఇదిగో, ఇలా అవుతున్నాయి. డ్యూప్లెక్స్ ఇల్లు, అంతస్తు ఎత్తు 3 మీటర్లు. 150 మిల్లీమీటర్ల చొప్పున 20 మెట్లు, మధ్యలో ల్యాండింగ్ అనే చదునైన అరుగు. సిద్ధాంతిగారు సరిసంఖ్య పనికిరాదన్నారు. క్లిక్, 21. సోఫాకు చోటు చాలదన్నారు యజమాని. క్లిక్, 19. న్యూజెర్సీ నుంచి వీడియో కాల్‌లో ఉన్న మేనల్లుడికి గుండ్రటి మెట్లు కావాలి. క్లిక్. గుండ్రంగా ఉంటే బీరువా పైకెక్కదన్నాడు బావమరిది. పైగా ల్యాండింగ్ దండగ, తిన్నగా దింపమన్నాడు. క్లిక్, 17. మెట్టు ఎత్తు 176కు లేచింది. ఎవరికీ ఆయాసం లేదు, ఎక్కుతున్నవారెవరూ లేరు కదా. మూలన కూర్చున్న పెద్దావిడ మాత్రం, “మధ్యలో కాస్త ఆగడానికి చోటేదీ నాయనా?” అని అడిగింది. ఎవరూ వినలేదు. అప్పటికి అందరూ మరో ప్లగిన్‌తో మియాపూర్ పెరట్లో ఎర్రబారిన మేపుల్ చెట్లు నాటుతున్నారు.

ఇళ్లలో ఒక్క వరుసలో 15 మెట్లకు మించకూడదని 2016 నాటి జాతీయ భవన నిర్మాణ నియమావళి చెబుతోంది. మెట్ల కింద నడిచేచోట తలపైన 2.2 మీటర్లు వదలమంటోంది. ఆ ప్లగిన్ ఇవేవీ అడగదు. అడగాల్సినది అది కాదు కూడా. స్కెచప్‌లో కొత్త ఫైలు తెరవగానే కొలత తెలియడానికి ఒక మనిషి బొమ్మ నిలబడి ఉంటుంది. మనవాళ్లు మొట్టమొదట చేసే పని దాన్ని చెరిపేయడం. అడ్డమట!

ఆ డ్యూప్లెక్స్ ఫైలు సైటుకు చేరింది. సెంట్రింగ్ కొట్టి, ఇనుము కట్టి, కాంక్రీటు పోశాక తేలిందేమిటంటే, ఐదో మెట్టు ఎక్కగానే తల బీముకు కొట్టుకుంటోంది. తప్పెవరిది? మేస్త్రీదట! గోడమీద సుద్దముక్కతో మెట్టు మెట్టుకూ గీత గీసుకుని, “ఇక్కడ బీము తగులుతుంది సార్” అని ముందే మొత్తుకున్నవాడిది! ‘త్రీడీలో బాగానే వచ్చింది’ అన్నవారికి ఏమీ కాలేదు. పగలగొట్టిన కూలి మేస్త్రీ లెక్కలోంచి కోశారు. సిగ్గు లేదా? ఏసీ గదిలో పదిసార్లు నొక్కి మార్చుకున్న సరదాకి, ఎండలో సుత్తి పట్టినవాడు జరిమానా కట్టాలా?

ఎక్స్‌టెన్షన్లు రాసే మహానుభావులకు ఒక విన్నపం. మెట్ల లెక్క మార్చిన ప్రతిసారీ, మార్చమన్నవారి భుజాన 20 లీటర్ల నీళ్ల క్యాను పెట్టి, ఆ మెట్లన్నీ ఎక్కించి దించే ప్లగిన్ ఒకటి తయారుచేయండి. దొంగ కాపీ వాడను. డబ్బిచ్చే కొంటాను.