కంపెనీ తక్కువిస్తే ఖజానా ఎందుకు కట్టాలి?

చాక్లెట్‌కు వాడే కోకో గింజలకు కిలోకు 500 రూపాయలు ఇప్పిస్తున్నామని 2025లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చెప్పింది. అందులో గింజలు కొనే కంపెనీలు ఇచ్చేది 450. మిగతా 50 ఖజానాలోంచి, అంటే మనందరి జేబులోంచి. రైతుకు ఆ యాభై అందాల్సిందే, అందులో రెండో మాట లేదు. కానీ కంపెనీ ఇవ్వాల్సిన ధరలో లోటును ప్రభుత్వం పూడ్చడం ఎక్కడి పద్ధతి?

2024లో ఇదే గింజ కిలో వెయ్యి రూపాయల దాకా పలికింది. ఏలూరు జిల్లాలో కొబ్బరి, ఆయిల్ పామ్ తోటల నీడన కోకో వేసుకున్న రైతు 2025లో కూడా కాయలు కొట్టి, గింజలు తీసి, ఆరేడు రోజులు మాగబెట్టి, మబ్బు పట్టినప్పుడల్లా పరదాలు కప్పడానికి పరుగెత్తుతూ ఎండబెట్టి బస్తాలకెత్తాడు. తీరా అమ్మబోతే ధర సగం.

గింజ నాణ్యత లేదని, ఇది అన్‌సీజన్ సరుకని, పాత నిల్వలున్నాయని కంపెనీలు అన్నాయి. కొంత నిజం ఉండొచ్చు. అంతమాత్రాన ధర సగానికి పడుతుందా?

మన కోకో కొనేవాళ్లలో పెద్ద కంపెనీ మాండెలెజ్, క్యాడ్‌బరీ డెయిరీ మిల్క్ చేసేది అదే. 2024 డిసెంబర్‌లో న్యూయార్క్‌లో కోకో టన్ను 12 వేల డాలర్లు దాటింది, అంటే మన లెక్కలో కిలో వెయ్యి. ముడిసరుకు మండిపోతోంది, 2025లో లాభం తగ్గుతుంది, చాక్లెట్ ధరలు పెంచక తప్పదు అని ఈ కంపెనీయే మదుపరులకు చెప్పింది. ఆ తర్వాత ప్రపంచ ధర దిగినా, 2025లో రైతుకు 450 కట్టినప్పుడు అది అంతకంటే చాలా పైనే ఉండేది. చాక్లెట్ కొనే పిల్లవాడి దగ్గరకొచ్చేసరికి ప్రపంచ ధర వర్తిస్తుంది, గింజ అమ్మే రైతు దగ్గరకొచ్చేసరికి వర్తించదు. ఇదేం న్యాయం?

మాకు ఇంతకన్నా పెద్ద భయం ఈ యాభై అలవాటైపోతుందని. 2025లోనే తోతాపురి మామిడికీ ఇదే లెక్క కట్టారు, ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు, ప్రభుత్వం 4. కొనేవాడు ఎంత తగ్గించినా మిగతాది సర్కారు చూసుకుంటుందని తేలిపోయాక, ఇంకో ఏడాది 450 కాస్తా 400 అంటే ఆపేదెవరు? అప్పుడు వంద రూపాయలు ఖజానా కడుతుందా? ఇవాళ కోకో, మామిడి, రేపు ఇంకేదో పంట. రైతు పేరు చెప్పి కొనుగోలుదారుకు రాయితీ ఇస్తున్నామని ప్రభుత్వం గుర్తించాలి.

అవే తోటల్లో పండే ఆయిల్ పామ్ గెలలకు ఒక ఫార్ములా ఉంది, నూనె ధరను బట్టి టన్ను రేటును ప్రభుత్వమే ప్రకటిస్తుంది. కోకోకు అలాంటిది పెట్టడానికి ఏం అడ్డం? రైతులు రోడ్డెక్కేదాకా ఆగి, ఆఖర్న ఖజానా తలుపు తీయడం సులువే. కంపెనీలను కూర్చోబెట్టి అంతర్జాతీయ ధరతో ముడిపెట్టిన ఒప్పందం మీద సంతకం పెట్టించడమే కష్టం, మంత్రులూ అధికారులూ ఉన్నది ఆ కష్టం పడటానికే. వచ్చే సీజన్ కాయ కోతకు రాకముందే ఆ పని చేయండి.