మహారాజశ్రీ 98 శాతం వారికి

మహారాజశ్రీ ఆక్సీమీటరు నివాసులు 98 శాతం వారి దివ్యసముఖమునకు,

ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం. ఆ మాట మేమనడం లేదు లెండి, తమరే అంటున్నారు. కుక్కరు దించి వంటింట్లోంచి హాల్లోకి వచ్చేసరికే రొప్పుతున్న మనిషి వేలికి తమరిని తగిలిస్తారు. లోపల ఎర్రదీపం వెలుగుతుంది. ముందు రెండు గీతలు, తర్వాత 94, 96, మళ్ళీ 96, 97, చివరికి 98. దాంతో ఇంటిల్లిపాదీ హాయిగా ఊపిరి పీల్చుకుంటారు, ఆ వేలుగల మనిషి తప్ప.

తమది గొప్ప పుట్టుకే. జపాన్‌లో నిహోన్ కోడెన్ కంపెనీలో తకువో అవొయాగి అనే ఇంజినీరు చెవితమ్మెకు దీపం పెట్టి, రక్తంలోకి ఎక్కించిన రంగును బట్టి గుండె ఎంత రక్తం తోస్తోందో లెక్కకట్టేవాడు. నాడి కొట్టుకున్నప్పుడల్లా లేచే అల ఆ లెక్కను చెడగొట్టేది. రెండు రకాల కాంతితో దాన్ని చెరిపేయబోతే, ఒంట్లో ఆక్సిజన్ మారినప్పుడల్లా మళ్ళీ తలెత్తేది. ఆ పీడే అసలు పనికొచ్చేదని ఆయనకు తట్టింది. 1974లో తమ సూత్రం బయటికొచ్చింది. ఇప్పటికీ తమ కడుపులో ఉన్నవి అలాంటి రెండు దీపాలే: ఒకటి 660 నానోమీటర్ల ఎరుపు, రెండోది కంటికి కనపడని 940 నానోమీటర్ల పరారుణం. 2020 ఏప్రిల్‌లో ఆయన కన్నుమూశారు. మరుసటి ఎండాకాలానికల్లా మన ఇళ్ళలో పోపులడబ్బా పక్కన తమరికో చోటు దొరికింది. ఆయాసం లేకుండానే ఆక్సిజన్ పడిపోతున్నవాళ్ళను అప్పుడు పట్టిచ్చారు, ప్రాణాలు నిలబెట్టారు. ఆ ఋణం కాదనం. కానీ ఆ పేరు అడ్డుపెట్టుకుని, ఆయాసం ఉండీ ఆక్సిజన్ పడిపోనివాళ్ళను అబద్ధాలకోర్లను చేసేశారు.

ఇంతకీ తమరు కొలిచేదేమిటి? రక్తంలో ఉన్న హిమోగ్లోబిన్‌లో ఎన్నో వంతు ఆక్సిజన్ మోస్తోందన్నది ఒక్కటే. అసలు హిమోగ్లోబిన్ ఎంత ఉందో తమకు పట్టదు. డిపోలో బస్సులు సగానికి సగం మూలపడ్డా, తిరిగే బస్సుల్లో సీట్లు 98 శాతం నిండాయని చాటింపు వేసే కంట్రోలరు తమరు. లెక్క కావాలా? ఒక గ్రాము హిమోగ్లోబిన్ 1.34 మిల్లీలీటర్ల ఆక్సిజన్ మోస్తుంది. 14 గ్రాములుంటే వంద మిల్లీలీటర్ల రక్తంలో 18 చిల్లర, 7 గ్రాములే ఉంటే 9 చిల్లర. రెండు వేళ్ళ మీదా తమరు 98 అనే కూర్చుంటారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. అంటే ఈ దేశంలో ఆయాసానికి మొదటి పరీక్ష వేలి మీద కాదు, సీబీపీ అనే రక్తకణాల లెక్క కోసం గుచ్చే సూది దగ్గర. ఆ సీబీపీ కాగితంలోనే ఈస్నోఫిల్స్ అనే తెల్లకణాల వరస కూడా ఉంటుంది. బోదకాలు ఉన్న ప్రాంతాలవాళ్ళకు రాత్రిళ్ళు దగ్గు, పిల్లికూతలు ఉండి, ఆ లెక్క మైక్రోలీటరు రక్తానికి 3,000 దాటితే అది మామూలు ఉబ్బసం కాకపోవచ్చు. ఫైలేరియా పురుగుల మీద ఊపిరితిత్తులు చేసే రగడ అయ్యుండొచ్చు. దానికి మూడు వారాల డీఈసీ మాత్రలు వేరే ఉన్నాయి. ఇన్‌హేలర్లు మార్చుకుంటూ ఏళ్ళు గడపక్కర్లేదు.

తమ రెండో లోపం ఇంకా ఘోరం. కార్బన్ మోనాక్సైడ్ పట్టిన హిమోగ్లోబిన్‌ను కూడా తమరు ఆక్సిజన్ పట్టినట్టే చదువుతారు. కిటికీ లేని బాత్రూములో గ్యాస్ గీజరు పెట్టుకుని తలనొప్పితో, ఆయాసంతో తూలుతున్న మనిషి వేలి మీద కూడా తమరు ఠీవిగా 98 చూపించగలరు. ఆయాసమని వచ్చినవాళ్ళందరికీ మన ఊళ్ళో ‘గ్యాస్ అయ్యుంటుంది’ అని పరగడుపు బిళ్ళ రాస్తారు కదా, జబ్బు నిజంగానే గ్యాస్ అయిన చోట మాత్రం తమరు నోరు మెదపరు.

మూడోది, తోలు రంగు. 2020లో అమెరికాలో వెలువడిన పరిశీలనలో తమరు దాచిపెట్టిన ఆక్సిజన్ లోటు తెల్లవాళ్ళలో కన్నా నల్లజాతి రోగుల్లో దాదాపు మూడు రెట్లు ఎక్కువసార్లు బయటపడింది. ఆ వివక్ష మన చామనఛాయల దాకా రాదని హామీ ఏమైనా ఇస్తారా? పైగా ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ ఎంత పేరుకుందో తమకు బొత్తిగా తెలియదు.

ఇంత తక్కువ తెలిసినవారికి ఇంత పెద్దపీట ఎలా దొరికిందంటే, తమరిని చూసే వేళ అలాంటిది. మూడో అంతస్తు ఎక్కి రొప్పుతూ వచ్చిన మనిషి టోకెను తీసుకుని, ఏసీ హాల్లో నలభై నిమిషాలు కూర్చుని, చెమట ఆరాక లోపలికి వెళ్తాడు. అప్పుడు వేలు చాపుతాడు. దొంగ ఊరు దాటాక కాపలావాడు గేటు తాళం చూపించినట్టు, తమరు 98 చూపిస్తారు.

తమ వెంట ఒక మందీమార్బలం కూడా ఉంది. ఛాతీ ఎక్స్‌రే నార్మల్, ఈసీజీ నార్మల్, 2డి ఎకో ‘ఈఎఫ్ 60 శాతం’. ఈ ముగ్గురూ విశ్రాంతిగా ఉన్న మనిషిని చూసి చెప్పేవాళ్ళే. ముగ్గురూ సరేనన్నాక మిగిలేది ‘టెన్షన్ తగ్గించుకోండి’. ఏళ్ళ తరబడి ఊపిరాడని మనిషికి టెన్షన్ రాకపోతేనే వింత.

కాబట్టి తమరిని నిజం చెప్పించే ఉపాయం ఒకటి అందరికీ చెబుతున్నాం, ఏమీ అనుకోకండి. చేతులు లేని మామూలు కుర్చీ గోడకు ఆనించి వేయాలి. చేతులు నడుం మీద పెట్టుకుని ఒక నిమిషంలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలిగితే అన్నిసార్లు. ముందు ఒక రీడింగు, అయిపోయాక వేలు కదపకుండా ఇంకో నిమిషం. అంకె అడుగంటేది చాలాసార్లు ఆ తర్వాతి నిమిషంలోనే, అక్కడ ఆపేస్తే తప్పిపోతుంది. 4 శాతం పడితే అది తీసిపారేసే విషయం కాదు, కాగితం మీద రాసుకుని డాక్టరుకు చూపించాలి. పక్కన ఒక మనిషి ఉండాలి. గుండెనొప్పి ఉన్నవాళ్ళు, కళ్ళు తిరిగేవాళ్ళు, ఊరికే కూర్చున్నా 92 దాటనివాళ్ళు దీని జోలికి పోకూడదు. వాళ్ళు వెళ్ళాల్సింది ఆసుపత్రికి. ఉన్నట్టుండి మొదలైన ఆయాసానికి తోడు ఒక కాలే వాచినా, దగ్గులో నెత్తురు పడినా, స్పృహ తప్పినా పిలవాల్సింది తమరిని కాదు, 108ని.

‘ఆయాసంగా ఉంది’ అనే మాటకు కూడా కొలత ఉంది, తమ సాయం లేకుండానే. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కితే ఎవరైనా రొప్పుతారు, అది సున్నా గ్రేడు. చదును నేల మీద గబగబా నడిస్తేనో, చిన్న ఎత్తు ఎక్కితేనో వస్తే ఒకటి. ఈడువాళ్ళతో సమంగా నడవలేక వెనకబడితే రెండు. వంద మీటర్లకోసారి ఆగాల్సొస్తే మూడు. చీర కట్టుకున్నా, చొక్కా తొడుక్కున్నా వస్తే నాలుగు. ఆరునెలల కింద ఒకటి, ఇప్పుడు మూడు అని చెప్పిన ఒక్క ముక్క, తమ రీడింగులు రాసిన డైరీ మొత్తం కన్నా ఎక్కువ పనిచేస్తుంది. ఇంకో రెండు ముక్కలు: పడుకోగానే వస్తోందా, ఎన్ని దిళ్ళు కావాలి? ఇబ్బంది గాలి లోపలికి పోయేటప్పుడా, బయటికి వదిలేటప్పుడా? పడుకుంటే వచ్చే ఆయాసం గుండె వైపో, కడుపుకీ ఛాతీకీ మధ్య ఉండే డయాఫ్రమ్ కండరం వైపో వేలు చూపిస్తుంది. లోపలికి పీల్చేటప్పుడు గొంతు దగ్గర పట్టేసినట్టు ఉంటే స్వరపేటికను చూడాలి.

పీఎఫ్‌టీ, అంటే గొట్టంలోకి ఊదించి ఊపిరితిత్తుల పనితీరు చూసే పరీక్ష, దాని గురించి కాస్త ఎక్కువ చెప్పుకోవాలి, ఎందుకంటే అది చెడిపోయినంతగా ఇంకో పరీక్ష చెడిపోదు. ముక్కుకు క్లిప్పు, నిటారుగా కూర్చోవడం, గొంతుదాకా గాలి నింపుకోవడం, గొట్టం చుట్టూ పెదాలు బిగించి ఒక్కసారిగా పేల్చినట్టు ఊదడం. అసలు కష్టం తర్వాత. ఇక లోపల ఏమీ లేదనిపించినా, చాలనేదాకా ఊదుతూనే ఉండాలి. టెక్నీషియన్ ‘ఊదండి, ఇంకా, ఇంకా, ఇంకా’ అని అరవాలి. అరవని టెక్నీషియన్ దగ్గర వచ్చిన ‘నార్మల్’ను మేము నమ్మం. మూడుసార్లు సరిగ్గా ఊదితే, వాటిలో పెద్దవి రెండు 150 మిల్లీలీటర్ల తేడాలోపు ఉండాలి. బుగ్గలు పొంగించినా, మొదటి సెకనులో దగ్గినా, రెండో సెకనులో ఆపేసినా ఆ ఊదుడు లెక్కలోకి రాదు. తర్వాత సాల్బుటమాల్ నాలుగు పీల్పులు, 15 నిమిషాలు ఆగడం, మళ్ళీ మొదట్నుంచి. పొద్దున ఇంట్లోనే ఇన్‌హేలరు పీల్చుకుని వస్తే ఉబ్బసం దాక్కుంటుంది. ఏది ఎన్ని గంటల ముందు ఆపాలో ఫోన్ చేసి అడగాలి. అన్నీ సరిగ్గా చేసినా, బాగున్న రోజున ఉబ్బసం పీఎఫ్‌టీలో కనపడకపోవచ్చు. అందుకే పీక్ ఫ్లో మీటరు కొనుక్కుని రెండు వారాలు పొద్దునా సాయంత్రం ఊది రాసుకోమంటారు. ఊదాక తిరిగి లోపలికి పీల్చే గీతను కూడా ప్రింటు తీయమని అడగండి. గొంతు దగ్గర అడ్డంకి ఉంటే ఆ కింది గీత నలిగినట్టు చదునవుతుంది. చాలాచోట్ల ఆ సగం కాగితం మీదికే రాదు.

ఊదుడు బాగుంది, ఎక్స్‌రే బాగుంది, అయినా మెట్లెక్కితే తమరు 98 నుంచి 89కి జారిపోతున్నారా? అక్కడ అడగాల్సిన పేరు డీఎల్‌సీవో. పది సెకన్లు ఊపిరి బిగబట్టి చేసే పరీక్ష అది. గాలి గదుల్లోంచి రక్తంలోకి గాలి దాటుతోందో లేదో చెబుతుంది. అది తగ్గి, పీఎఫ్‌టీ బాగుంటే ఊపిరితిత్తుల రక్తనాళాల మీద, లేదా అప్పుడే మొదలైన గట్టిపడే జబ్బుల మీద అనుమానం. ఆ రెండోవాటికి హెచ్‌ఆర్‌సీటీ అనే సన్నపొరల సీటీ స్కాన్. ఇక్కడ ఒక దేశవాళీ విశేషం: 2017లో వెలువడిన భారత ఐఎల్‌డీ (ఆ గట్టిపడే జబ్బుల) రిజిస్ట్రీలో 1,084 మందిని చూస్తే, దాదాపు సగం మందిది పీల్చే ధూళీ బూజూ పడక వచ్చే హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్. వాళ్ళలో సుమారు సగం మందికి ఎయిర్ కూలర్లతో సంబంధం ఉంది. మార్చిలో అటక మీంచి దించి, నీళ్ళు పోసి, పోయినేడాది గడ్డి మీదే స్విచ్చి వేసే ఆ కూలరు. బాల్కనీ పావురాలు కూడా ఈ కేసులో ముద్దాయిలే. తమరు ఆ గదిలోనే టేబులు మీద పడుండి కూడా సాక్ష్యం చెప్పలేదు.

గుండె వైపు కూడా ఒక మాట. ‘ఈఎఫ్ 60’ అంటే గుండె బాగా పిండుతోందని మాత్రమే. బిగుసుకుపోయి సరిగ్గా నిండని గుండె కూడా 60 చూపిస్తుంది. ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ అనే రక్తపరీక్ష 125 దాటితే ఆ వైపు చూస్తారు. లావుగా ఉన్నవాళ్ళలో అది తక్కువగా రావడం మామూలే. ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఒత్తిడిని పట్టిచ్చే టీఆర్ వేగం అనే వరస ఎకో కాగితంలో సెకనుకు 2.8 మీటర్లు దాటిందేమో వెతకాలి. పాత నెత్తుటి గడ్డలు ఊపిరితిత్తుల్లో కరక్కుండా మిగిలిపోయాయేమో చూడ్డానికి వీక్యూ స్కాన్ ఉంది. స్టెంటు వేసుకుని, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే టికాగ్రెలార్ మింగుతున్నవాళ్ళకు ఆ బిళ్ళ వల్లే ఆయాసం రావచ్చు. ప్లేటో అనే అధ్యయనంలో ఆ బిళ్ళ మింగినవాళ్ళలో 13.8 శాతం మందికి వచ్చింది. అనుమానం వస్తే గుండె డాక్టరును అడగాలి, సొంతంగా ఆపితే స్టెంటు మూసుకుపోగలదు.

ఇక ఆ ‘టెన్షన్’ సంగతి. ఊపిరి తీసే తీరే చెడిపోయి వచ్చే ఆయాసం నిజంగానే ఉంది. పదేపదే నిట్టూర్పులు, ఆవలింతలు, మూతి చుట్టూ తిమ్మిరి, వేళ్ళలో చిమచిమలు. 16 ప్రశ్నల నైమెగెన్ పట్టికలో 23 దాటితే అనుమానిస్తారు. ఊపిరి మళ్ళీ నేర్పే ఫిజియోథెరపీ ఉంది. అది జబ్బుకు పెట్టిన పేరు, రోగిని బయటికి సాగనంపే మర్యాద కాదు. మిగతావి చూడకుండానే ఆ పేరు పెట్టడంతోనే మాకు తగవు. ఏదీ తేలనప్పుడు ఉన్న పెద్ద తీర్పరి సీపెట్: మొహానికి మాస్కు, కింద సైకిలు, నిమిషనిమిషానికీ బరువు పెంచుతూ 8 నుంచి 12 నిమిషాలు తొక్కించడం. ముందు చేతులెత్తేసింది గుండా, ఊపిరితిత్తులా, కండరాలా అన్నది ఆయాసం వచ్చిన క్షణంలోనే తెలుస్తుంది. పెద్ద ఊళ్ళలోనే దొరుకుతుంది, అదీ అడిగితేనే.

చిత్తగించవలెను.

ఇట్లు,
మెట్ల మలుపులో రెయిలింగు పట్టుకుని నిలబడినవాళ్ళం

తా.క.: గోళ్ళరంగు, చల్లబడ్డ వేళ్ళు, అరిగిపోయిన సెల్లులు తమ పరువు తీస్తాయి. రంగు తుడిచి, అరచేతులు రుద్దుకుని, నిమిషం ఆగి చూస్తున్నాం. అప్పుడూ తమరు 98యే. కానీ తమ కింద చిన్నక్షరాల్లో నాడి అంకె ఒకటి అణిగిమణిగి కూర్చుని ఉంది. కుక్కరు దించి వచ్చిన ఆ మనిషి వేలి మీద అది 124 అంటోంది. ఇంతవరకూ ఎవరూ చదవలేదు. కాస్త పక్కకు జరగండి.