బస్సు ఫ్రీయే కదమ్మా, మళ్లీ రండి

ఇవాళ మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు హన్మకొండలో ఒక వకీలు గుమస్తా నోటి నుంచి వచ్చిన మాట ఇది. ఇప్పుడు రాత్రి పది దాటింది. అన్నం సగం తిని చెయ్యి కడుక్కున్నాను. ఆ మాట ఇంకా చెవిలోనే ఉంది.

మా చెల్లె విడాకుల కేసు. ఇద్దరూ ఒప్పుకొనే విడిపోతున్నారు. గొడవ లేదని కాదు, గొడవపడే ఓపిక కూడా అయిపోయాక మిగిలిన మ్యూచువల్. మొదటిసారి కోర్టులో ఇద్దరి మాట రాసుకుని ఆరు నెలలు ఆగమన్నారు. మా అమ్మ క్యాలెండర్‌లో రోజుకో తేదీ కొట్టేస్తూ వచ్చింది. ఇవాళ రెండోసారి. జడ్జి అడుగుతారు, ఇద్దరూ అవునంటారు, అయిపోతుంది. ఆ ఒక్క 'అవును' కోసం చెల్లె పొద్దున ఆరున్నరకు పరకాలలో బస్సెక్కింది. నేను స్కూల్లో సగం రోజు సెలవు పెట్టి (ఏడో తరగతికి యూనిట్ టెస్ట్ ఉంది, మా హెడ్‌మాస్టర్ చూసిన చూపు మీద వేరే పోస్ట్ రాస్తాను) అదాలత్ దగ్గర తనను కలిశాను. అటువాళ్లు జమ్మికుంట నుంచి వచ్చారు. అందరం ఉన్నాం. మా వకీలు సాబ్ ఒక్కడే లేడు.

జూనియర్ వచ్చాడు. నల్లకోటు కొత్తది, ఇస్త్రీ మడత కూడా పోలేదు. మా చెల్లె పేరేంటని నన్నే అడిగాడు. కేసు పిలవగానే లోపలికి పోయి రెండు నిమిషాల్లో బయటకొచ్చి, "వాయిదా పడింది మేడం, వచ్చే నెల" అన్నాడు. పడిందట. వానలాగా పైనుంచి పడింది, ఎవరూ అడగలేదు మరి. సార్ కరీంనగర్‌లో పెద్ద కేసులో ఉన్నారట. మాది చిన్న కేసు. ఒక ఆడపిల్ల జీవితమే కదా, ఎంతుంటుంది.

చెల్లె బట్టల షాపులో పనిచేస్తుంది. రాని రోజుకు 400 కట్. అదే చెప్పింది, ఏడవకుండా, గట్టిగా అరవకుండా. దానికి గుమస్తా నవ్వుతూ, "ఏమైతది అమ్మా, బస్సు ఫ్రీయే కదా, మళ్లీ రండి" అన్నాడు. ఆ నవ్వు ఆపకుండానే, "జిరాక్స్‌లకు ఒక 500 ఇచ్చిపోండి" అన్నాడు.

2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణ ఆర్టీసీ బస్సుల్లో మా ఆడవాళ్లకు జీరో టికెట్ ఇస్తున్నారు. ఆ రోజు నుంచీ ఆడవాళ్లు ఎక్కడికి పోయినా, ఎందుకు పోయినా, షికారుకు పోయినట్టే లెక్క. ఆస్పత్రికి పోతే షికారు, కూలికి పోతే షికారు, ఇప్పుడు విడాకులకు పోయినా షికారే. సీటు దొరకలేదని బస్సులో మూతి ముడిచే పెద్దమనుషులను భరిస్తున్నాం, సరే. వేలకు వేలు మా దగ్గర తీసుకున్న మనిషి కూడా మాకు ఫ్రీ గురించి చెప్పాలా? బస్సు ఫ్రీ అయ్యా. మా చెల్లె రోజు ఫ్రీ కాదు.

ఒక విచిత్రం చెప్పాలి. వాయిదా అనగానే మా మరిది, అంటే ఇంకో నెల దాకా మరిదే, మా వైపు వచ్చి "వదినా, మీ వకీలు ఏం మనిషి?" అన్నాడు. చెల్లె వెంటనే "అదే నేనూ అంటున్న" అంది. ఆరేళ్లలో వాళ్లిద్దరూ ఒక్క మాట మీద నిలబడడం నేను ఇవాళే చూశాను. ఈ వకీలు పెళ్లికి ముందే దొరికి ఉంటే సంసారం నిలబడేదేమో.

ఈయన సంగతి ఇవాళే తెలిసిందా అంటే, కాదు. తెలిసీ ఊరుకున్నాం. వాళ్లు విడిగా ఉండబట్టి నాలుగేళ్లు దాటింది. ఇలాంటివాళ్లకు ఆ ఆరు నెలల గడువు మాఫీ చేయొచ్చని సుప్రీంకోర్టు 2017లోనే చెప్పింది. ఇచ్చిపుచ్చుకునేవి తేలిపోయి, కలిసే ఆశ లేకపోతే ఊరికే కూర్చోబెట్టక్కర్లేదని. నేను ఫోన్లో చదివి అడిగితే సార్ కళ్లజోడు పైనుంచి చూసి, "అవన్నీ ఢిల్లీల నడుస్తయి అమ్మా, ఇక్కడ నడవయి" అన్నారు. సుప్రీంకోర్టు తీర్పు కాజీపేట జంక్షన్ దాకా వచ్చి రైలు దిగకుండా వెనక్కి పోయిందన్నమాట.

ఇంకోటి వినండి. అంతకుముందు చెల్లె భరణం కేసు సీఆర్‌పీసీ, అంటే పాత క్రిమినల్ ప్రొసీజర్ చట్టం, 125 సెక్షన్ కింద నడుస్తుండేది. 2024 జులై 1న కొత్త చట్టాలు వచ్చాయి కదా, ఆ 125 కాస్తా 144 అయింది. "నంబర్ మారింది, పిటిషన్ మొత్తం మళ్లీ టైప్ కొట్టాలె" అని 2,000 తీసుకున్నారు. అప్పటికే నడుస్తున్న కేసులు పాత చట్టం కిందే సాగుతాయని ఆ కొత్త చట్టంలోనే రాసి ఉంది. ఈ సంగతి నాకు తెలిసేసరికి ఆ 2,000 ఎప్పుడో సార్ జేబులో పడిపోయింది. తేదీలు కూడా ఏనాడూ సరిగ్గా చెప్పలేదు. ఈ-కోర్ట్స్ యాప్‌లో పదహారు అక్షరాల సీఎన్ఆర్ నంబర్ (ప్రతి కేసుకూ ఉండే గుర్తింపు నంబర్) కొడితే వాయిదా తేదీ మనకే కనబడుతుంది. ఆ నంబర్ అడిగితే మూడు నెలలు "ఇస్తా ఇస్తా". తన ఇంటి బీరువా తాళం అడిగినట్టు.

అసలు కడుపు మండేది ఇక్కడ. సెటిల్‌మెంట్ 6 లక్షలకు ఒప్పందం అయింది. సార్ నెమ్మదిగా, టీ తాగుతూ, "వచ్చేదాంట్ల పది శాతం చూడుండ్రి" అన్నారు. ఫీజు వేరే, ఇది వేరే. కేసులో వచ్చే డబ్బులో వాటా మాట్లాడుకోకూడదని బార్ కౌన్సిల్ నియమాల్లోనే ఉంది. అది నేను చదవాల్సిన అవసరం ఏంటి? నేను చెప్పేది సోషల్ స్టడీస్. 60,000 అంటే చెల్లె షాపులో నూటయాభై రోజులు నిలబడాలి. కూర్చోవడం కాదు, ఆ షాపులో కుర్చీ కూడా ఉండదు.

వకీలును మార్చేద్దామంటే కేసు కట్ట ఆయన దగ్గరే ఉంది. "లెక్క క్లియర్ చేసి కట్ట తీస్కపోండి" అంటాడు గుమస్తా. ఫీజు బాకీ అని వకీలు కక్షిదారు కాగితాలు ఆపుకోకూడదని 2000 సంవత్సరంలోనే సుప్రీంకోర్టు చెప్పింది. కానీ అది ఢిల్లీలో కదా.

ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా, ఎవరికైనా సరే, ఉచితంగా వకీలును పెడతారు. 1987 న్యాయ సేవల చట్టంలోనే ఉంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు ఇస్తే చాలు, 15100కు ఫోన్ చేసినా చెబుతారు. మేమెందుకు పోలేదంటారా? మా అమ్మ. "ఫ్రీ వకీలు ఏం వాదిస్తడే, పైసలు పెట్టి పెద్ద వకీలును పెడదాం" అంది. అదిగో పెద్ద వకీలు. కరీంనగర్‌లో ఉన్నాడు.

అమ్మను అనీ లాభం లేదు. ఈ వకీలును చూపించింది ఎవరు? మా మేనమామ. అసలు ఈ కథంతా మొదలైంది ఆయన దగ్గరే, నేను గుమస్తా మీద కోపమని అనవసరంగా ఇంతసేపు రాశాను.

2021లో పంచాయితీ పెట్టించింది మామయ్యే. "కోర్టులెందుకు, మన పెద్దమనుషులు లేరా" అని. రెండు వైపులా చెరో 10,000 డిపాజిట్. ఆ సాయంత్రం ఎవరి డిపాజిట్‌తో ఎవరు బిర్యానీ తిన్నారో ఊరందరికీ తెలుసు. వంద రూపాయల బాండ్ పేపర్ మీద 'ఇకపై ఒకరి మీద ఒకరికి ఎలాంటి హక్కులు లేవు' అని రాయించి, చెల్లెతో సంతకం పెట్టించి, "అయిపాయె బిడ్డా, నువ్వు ఫ్రీ" అన్నాడు. ఇది కూడా ఫ్రీయే. తీరా చూస్తే, మా కులంలో అలా విడిపోయే ఆచారం ఉందని కోర్టులో రుజువు చేస్తే తప్ప ఆ బాండ్‌తో విడాకులు కావు. చెల్లె ఇంకా పెళ్లయిన పిల్లే. పైగా భరణం అడిగితే అటు వకీలు ఆ బాండే తీసి జడ్జి ముందు పెట్టాడు. అలాంటి రాతతో ఆడపిల్ల భరణం హక్కు పోదని చెప్పుకోవడానికే మాకు రెండేళ్లు పట్టింది. మామయ్యకు మాత్రం ఇప్పటికీ ఊళ్లో పంచాయితీలు తెంపే మనిషని పేరు.

ఇంకా ఎనిమిది తులాల బంగారం తేలలేదు. పుట్టింటివాళ్లు పెట్టిన బంగారం ఆడపిల్ల సొంతం, ఎవరింట్లో ఉన్నా దానిదే. అయితే పెట్టినట్టు కాగితం ఏది అంటారు. పెళ్లిలో ఇచ్చిన వస్తువుల జాబితా రాసి రెండు వైపులా సంతకాలు పెట్టాలని 1985 నుంచి రూల్ ఉంది. మీలో ఎవరింట్లో రాశారు? నిజం చెప్పండి. మా నాన్న రాద్దామన్నాడు పాపం. "మనోళ్ల మధ్య కాగితాలేంది బావా, నవ్వుతరు" అన్నది ఎవరో మళ్లీ చెప్పాలా?

ఇందాక అన్నం వదిలేసి లేచి బీరువాలోంచి పెళ్లిలో చదివింపులు రాసిన పుస్తకం తీశాను. మొన్న అమ్మ దగ్గర నుంచి తెచ్చుకున్నాను, పనికొస్తుందేమోనని. 116లు, 216లు, స్టీలు బిందె, గోడ గడియారం, ఎవరో పెట్టిన ఆరు గాజు గ్లాసులు, వాటిలో ఒకటి పగిలిందని కూడా రాసి ఉంది. ఎనిమిది తులాలు తప్ప అన్నీ ఉన్నాయి. రాసింది మామయ్యే. ఆ గుండ్రటి చేతిరాత నాకు తెలుసు. మొదటి పేజీలో మొదటి పేరు ఆయనదే, పక్కన 516.

మామయ్యా, నా పోస్టులన్నిటికీ లైక్ కొడతావని తెలుసు. దీనికి కొట్టకు. ఆ డిపాజిట్ 10,000 అమ్మకు తిరిగి ఇయ్యి. నీ 516 పట్టుకుని మిగతాది పంపినా సరే. అమ్మకు ఇప్పుడు ఫోన్‌పే ఉంది.