తండ్రికీ కొడుక్కీ మధ్య పత్రం ఏది? మధ్యయుగ ఇంగ్లండ్ వంశవృక్షాల నిగ్గు తేల్చే తీరు

యువరాణి డయానా పుట్టింటి వాళ్లయిన స్పెన్సర్లు సుమారు మూడు వందల ఏళ్లపాటు తాము డిస్పెన్సర్ ప్రభువుల వారసులమని చెప్పుకున్నారు. రెండో ఎడ్వర్డ్ కొలువులో చక్రం తిప్పి, 1326లో హెర్‌ఫర్డ్‌లో మరణశిక్షకు గురైన హ్యూ డిస్పెన్సర్ ఆ వంశం వాడే. రుజువుగా చూపిన వంశవృక్షం ఊరూపేరూ లేనిది కాదు. వంశచిహ్నాల వ్యవహారాలు చూసే అత్యున్నత రాచ అధికారుల్లో ఒకడు, క్లారెన్‌సూ హోదాలో ఉన్న రిచర్డ్ లీ 1595 ప్రాంతంలో దాన్ని ఆమోదించాడు. 1901లో చరిత్రకారుడు జె. హోరేస్ రౌండ్ అందులోని పేర్లను ఒక్కొక్కటిగా రికార్డులతో పోల్చేసరికి గుట్టు బయటపడింది. పాత పత్రాల్లో స్పెన్సర్ అనో డిస్పెన్సర్ అనో కనిపించిన వాళ్లను ఏరి తెచ్చి, ఏ సంబంధమూ లేని మనుషులను తండ్రీకొడుకులుగా అతికించారు. పేర్లు చాలావరకు నిజమైన మనుషులవే. వాళ్లను కలుపుతూ గీసిన గీతలే అబద్ధం.

అనుమానించడానికి ఆధారం అప్పటికే కళ్లముందుంది. ఇదే కుటుంబానికి 1504లో సీగల్ పక్షుల తలలతో కొత్త వంశచిహ్నం మంజూరైంది. డిస్పెన్సర్ల రక్తమే అయితే వాళ్ల పాత చిహ్నం ఉండగా కొత్తది ఎందుకు అడుగుతారు? స్పెన్సర్లు గొర్రెల పెంపకంతో డబ్బు గడించి, 1508లో ఆల్తోర్ప్ ఎస్టేటు కొన్న వాళ్లు. 1603లో బారన్ బిరుదు వచ్చింది. మీ పూర్వీకులు గొర్రెలు కాసుకునేవాళ్లని 1621లో నిండు ప్రభువుల సభలో అరుండెల్ ఎర్ల్ ఎత్తిపొడిచాడు. అంటే తోటివాళ్లకు అసలు సంగతి తెలుసు.

అందువల్ల చెట్టు మొత్తం నిజమా అబద్ధమా అని అడిగితే పని జరగదు. ప్రతి తరం దగ్గరా ఆగి, ఇతను ఫలానా వాడి కొడుకని ఆ కాలంలోనే రాసిన పత్రం ఏదని అడగాలి. చర్చి రిజిస్టర్లు మొదలైందే 1538లో, ఎనిమిదో హెన్రీ మంత్రి థామస్ క్రామ్‌వెల్ ఆజ్ఞతో. అంతకుముందు కాలానికి బాప్టిజం నమోదులు దొరకవు. మధ్యయుగపు రికార్డులు మనుషుల వెంట కాక భూమి వెంట నడుస్తాయి కాబట్టి, ముందు ఆ కుటుంబం చేతిలో ఉన్న మేనర్ (ప్రభువు ఏలుబడిలోని భూమి, ఎస్టేటు) ఏదో తేల్చుకోవాలి. 1899లో మొదలైన విక్టోరియా కౌంటీ హిస్టరీ సంపుటాల్లో ఏ మేనర్ ఎవరి చేతి నుంచి ఎవరికి వెళ్లిందో, దానికి ఆధారమైన పత్రం ఏదో ఉంటుంది. ఆ జిల్లా సంపుటం వెలువడి ఉంటే అక్కడే మొదలుపెట్టడం మేలు.

అన్నిటికన్నా బలమైన సాక్ష్యం ఇన్‌క్విజిషన్ పోస్ట్‌మార్టమ్. పేరులో పోస్ట్‌మార్టమ్ ఉన్నా ఇది శవపరీక్ష కాదు. రాజు నుంచి నేరుగా భూమి పొందిన వ్యక్తి చనిపోతే ఎస్చీటర్ అనే అధికారి స్థానికుల జ్యూరీని కూర్చోబెట్టి, భూములేవి, ఎప్పుడు చనిపోయాడు, వారసుడెవరు, వయసెంత అని ప్రమాణం మీద చెప్పించేవాడు. 13వ శతాబ్దం నుంచి 17వ శతాబ్దం దాకా ఉన్న ఈ పత్రాలు లండన్‌లోని క్యూ అనే చోట, నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. అయితే చదవడం తెలియాలి. వారసుడు మైనరైతే వయసు చాలావరకు కచ్చితంగా ఉంటుంది, ఎందుకంటే 21 నిండేదాకా అతని సంరక్షణ, భూముల ఆదాయం రాజుకు దక్కేవి. అదే "30 ఏళ్లు, ఆపైన" అని ఉంటే అది ఉజ్జాయింపు మాత్రమే, దాన్నుంచి పుట్టిన సంవత్సరం లెక్కగట్టకూడదు. ఒకే మనిషి గురించి రెండు కౌంటీల జ్యూరీలు వేర్వేరు వయసులు, వేర్వేరు మరణ తేదీలు చెప్పిన సందర్భాలూ ఉన్నాయి. అందుకే దొరికినవన్నీ పక్కపక్కన పెట్టి చూడాలి.

పెద్ద లోటు ఏమిటంటే, ఈ పత్రం వారసుడి పేరు చెబుతుంది కానీ తమ్ముళ్ల ఊసెత్తదు. నకిలీ అతుకులు ఎక్కువగా పడేది సరిగ్గా అక్కడే. "ఫలానా ప్రభువు మూడో కొడుకు" అని కనబడగానే ఆగి, వీలునామాలో అతనికేమైనా రాశారా, తండ్రి ఇచ్చిన భూదానపత్రం ఉందా అని వెతకాలి. 1195 నుంచి భద్రపరిచిన ఫీట్ ఆఫ్ ఫైన్స్ (భూమి బదిలీ ఒప్పందాల కోర్టు ప్రతులు) ఇక్కడ బాగా అక్కరకొస్తాయి. ఒకే చర్మపత్రం మీద ఒప్పందాన్ని మూడుసార్లు రాసి, వంకరగా కోసి, అడుగు ముక్కను ఖజానాలో దాచేవారు. భార్యాభర్తల పేర్లు, భూమి ఎవరి తర్వాత ఎవరికి చెందాలన్నది అందులో దొరుకుతాయి.

భార్య పేరు దొరికినంత మాత్రాన ఆమే వారసుడి తల్లి అనుకోవద్దు. రెండో పెళ్లిళ్లు మామూలే. ఒక్కోసారి చట్టమే ఆచూకీ చెబుతుంది. 1833 దాకా సవతి సోదరుడి నుంచి సొంత ఆస్తి వారసత్వంగా వచ్చేది కాదు. చనిపోయిన సోదరుడి ఆస్తికి తమ్ముడుండగా అక్క వారసురాలైతే అతను సవతి తల్లి కొడుకై ఉండొచ్చు. ఎంటెయిల్ కింద, అంటే ఫలానా సంతతికే చెందాలని కట్టుదిట్టం చేసిన భూమికి మాత్రం ఈ సూత్రం పనిచేయదు.

భాష దగ్గరా పొరపాట్లు జరుగుతాయి. లాటిన్‌లో నెపోస్ అంటే మనవడు కావచ్చు, మేనల్లుడూ కావచ్చు. "బంధువు, వారసుడు" అని రాసినవాడు సొంత మనవడే అయిన సందర్భాలు చాలా ఉన్నాయి. సీనియర్, జూనియర్ అన్నంత మాత్రాన తండ్రీకొడుకులు కానక్కర్లేదు, ఒకే ఊళ్లో ఒకే పేరున్న ఇద్దరు కావచ్చు. తేదీల సంగతి మరీ జాగ్రత్తగా చూడాలి. పత్రాల్లో ఏడాదిని తరచూ రాజు పాలన మొదలైన నాటి నుంచి లెక్కపెట్టేవారు. మూడో ఎడ్వర్డ్ పదో పాలనా సంవత్సరం అంటే 1336 జనవరి 25 నుంచి 1337 జనవరి 24 దాకా. క్రీస్తుశకంలో రాసినా కొత్త ఏడాది మార్చి 25న మొదలయ్యేది కాబట్టి, 1399 ఫిబ్రవరి 10 అని ఉన్న వీలునామా మన లెక్కలో 1400 నాటిది. ఈ ఒక్క ఏడాది తేడాతోనే చనిపోయినవాడు సాక్షిగా నిలిచినట్టు కనబడుతుంది!

వంశచిహ్నాల అధికారులైన హెరాల్డులు 1530 నుంచి 1688 దాకా కౌంటీలు తిరిగి రాసుకున్న విజిటేషన్ వంశావళులను చాలామంది వేదవాక్కుగా తీసుకుంటారు. తాతముత్తాతల దాకా ఇంటివాళ్లు చెప్పింది విలువైనదే. అంతకు రెండు వందల ఏళ్ల వెనకటి మాట మాత్రం ఇంటి గొప్ప కిందే లెక్క. పైగా వీటిని ప్రచురించే హార్లియన్ సొసైటీ అచ్చువేసిన వాటిలో చాలావరకు హెరాల్డుల సంస్థ కాలేజ్ ఆఫ్ ఆర్మ్స్‌లోని అసలు ప్రతులు కావు, తర్వాతివాళ్లు చేర్పులు చేసిన నకళ్లు. అమెరికా కుటుంబాలకు డబ్బు తీసుకొని నకిలీ వంశావళులు అల్లిన గుస్తావ్ అంజూ (1863–1942) అసలు పత్రాల మధ్య కల్పితాలను జొప్పించేవాడు. రెండు మూడు ఆధారాలు సరిచూసి మిగతావి నమ్మేసినవాళ్లు అలాగే దెబ్బతిన్నారు. అతని రాతలను ఎత్తిరాసిన చెట్లు వంద ఉన్నా సాక్ష్యం ఒక్కటే, అదీ చెల్లనిది.

పత్రం దొరకని చోట గీత గీయకూడదు. చుక్కల గీత పెట్టి, ఎందుకలా అనుకుంటున్నారో పక్కన రాయాలి. ప్రభువంశాలకు ప్రామాణికమైన గ్రంథం కంప్లీట్ పీరేజ్ రెండో కూర్పు 1910లో మొదలై 1959లో ముగిస్తే, దానికీ చేర్పులు, సవరణలతో 14వ సంపుటం 1998లో వచ్చింది. అందులోని ఏ వాక్యాన్ని వాడుకోవాలన్నా ముందు ఆ 14వ సంపుటం తెరిచి, అదే పేరు కింద ఏం దిద్దారో చూసుకోవాలి.