ఫూచున్ చిత్రాన్ని రెండుగా చేసింది 1949 కాదు

చైనా చిత్రకారుడు హువాంగ్ గోంగ్‌వాంగ్ 14వ శతాబ్దంలో సిరాతో వేసిన ‘ఫూచున్ పర్వతాలలో నివాసం’ గురించి ఒక కథనం విస్తృతంగా ప్రచారంలో ఉంది. 1949లో అంతర్యుద్ధం ముగిసినప్పుడు దీన్ని రెండు ముక్కలు చేసి చైనా, తైవాన్ చెరొకటి పంచుకున్నాయని, చియాన్‌లోంగ్ చక్రవర్తి ముద్రలే దీని ప్రామాణికతకు రుజువని, ముక్కలు రెండూ కలిపితే చిత్రం పూర్తవుతుందని దాని సారాంశం. ఈ మూడింటిలో ఒక్కటీ నిలవదు.

చిత్రం ముక్కలైంది 1650లో. అప్పటి యజమాని వూ హోంగ్‌యూ మరణశయ్యపై ఉండి, పరలోకానికి తనతో తీసుకుపోవాలన్న కోరికతో చుట్టగా ఉండే ఈ పొడవాటి చిత్రాన్ని నిప్పుల్లో వేయించగా, అతని సోదరుని కుమారుడు దాన్ని బయటికి లాగాడు. అప్పటికే మొదటి భాగం కాలి, చుట్ట రెండుగా విడిపోయింది. సుమారు 51 సెంటీమీటర్ల చిన్న ముక్క చేతులు మారుతూ 1938లో షాంఘై చిత్రకారుడు వూ హుఫాన్‌కు దక్కి, 1956లో హాంగ్‌జౌలోని జెజియాంగ్ ప్రాంతీయ మ్యూజియానికి చేరింది. ఆరు మీటర్లకు పైబడిన పెద్ద ముక్క రాజభవన సేకరణలో ఉండి, జపాన్ దాడి భయంతో 1933లో బీజింగ్ నుంచి తరలించిన కళాఖండాలతోపాటు ప్రయాణించి చివరికి తైవాన్ చేరింది. 2010లో చైనా ప్రధాని వెన్ జియాబావో ఈ రెండు ముక్కలను ప్రస్తావించి, చిత్రం సంగతే ఇలా ఉంటే మనుషుల మాటేమిటని అన్నారు. ప్రతీకగా ఆ మాట హృద్యమైనదే, కానీ ముక్కలు విడిపోయి అప్పటికే మూడున్నర శతాబ్దాలు దాటాయి.

ముద్రల వాదన మరింత బలహీనం. చియాన్‌లోంగ్‌కు 1745లో దొరికింది నకలు. దాన్ని అసలుగా నమ్మిన ఆయన ఖాళీ అన్నది మిగలకుండా పదేపదే దానిపై వ్యాఖ్యలు రాశాడు. మరుసటి ఏడాది అసలు చిత్రం వచ్చినప్పుడు అది నకలని తీర్పు చెప్పి, బాగుందన్న కారణంగా కొని, ఆ తీర్పునే ఆస్థాన పండితుడు లియాంగ్ షిజెంగ్ చేత చిత్రంపై రాయించాడు. ఆ పొరపాటే అసలు చిత్రాన్ని ఆయన కలం నుంచి కాపాడింది. చివరికి 1816లో రాజసేకరణ జాబితా కూర్చిన పండితులు ఈ తప్పును సరిదిద్దారు. నిజమైన ఆధారం 1350లో హువాంగ్ స్వయంగా చేసిన రాత. పని మూడు నాలుగేళ్లుగా సాగుతున్నా ఇంకా పూర్తికాలేదని, చిత్రాన్ని ఎవరైనా కాజేస్తారన్న భయంతో మిత్రుడు వూయోంగ్ ముందే తన పేరు రాయించుకున్నాడని అందులో ఉంది. సేకర్తల ఆరాటం చిత్రం పూర్తికాకముందే మొదలైందన్నమాట!

ఇక కలపడం సంగతి. 2011లో తైపీలో రెండు ముక్కలనూ పక్కపక్కన ప్రదర్శించారు. అయినా 1650లో కాలిన భాగం తిరిగి రాలేదు. ఆ ఆరంభాన్ని ఊహించడానికి, ఒకప్పుడు ఈ చిత్రాన్ని సేకరించి పోగొట్టుకున్న షెన్ జౌ 1487లో జ్ఞాపకం నుంచి వేసిన ప్రతి వంటివే నేడు మనకు ఆధారం.