నలభై కోట్ల ఆవు ఏ జిల్లాది?

నాది కందుకూరు. ఆ మాట అనగానే ఎదుటివాళ్లు "ఏ జిల్లా?" అంటారు. అక్కడి నుంచి నేను నీళ్లు నమలడం మొదలుపెడతాను.

మా అమ్మ 1969లో ఈ ఇంటికి కాపురానికొచ్చినప్పుడు ఇది నెల్లూరు జిల్లా. 1971లో నేను ఇదే ఇంటి వసారా పక్కగదిలో పుట్టేసరికి ఒంగోలు జిల్లా. 1973లో తమ్ముడు పుట్టేనాటికి ప్రకాశం జిల్లా. 2022 ఏప్రిల్లో కొత్త జిల్లాలు చేసినప్పుడు మళ్లీ నెల్లూరు. 2025 చివర్లో, అబ్బే, ప్రకాశంలోనే కలుపుతున్నాం అని వార్త. ఇన్నేళ్లలో మా అమ్మ తన మంచం ఈ గోడ నుంచి ఆ గోడకి కూడా జరపలేదు. వాస్తు ఒప్పుకోదట.

ఒంగోలు మాకు 45 కిలోమీటర్ల లోపే. నెల్లూరు దానికి రెట్టింపు పైమాటే. జిల్లాకి పేరిచ్చిన పెద్దమనుషుల్లో ఒకాయన తుపాకీకి ఛాతీ చూపించాడు, ఇంకొకాయన 58 రోజులు అన్నం మానేశాడు. మేం మాత్రం ఆ ఇద్దరి మధ్య అర్జీలు పట్టుకుని బస్సులెక్కుతున్నాం.

ఇలాంటి ఇంటివాణ్ణి గనకే ఆవు వార్త నన్ను అందరికంటే ఎక్కువ కదిలించింది.

ఆ వార్త మీ ఫోనుకీ వచ్చే ఉంటుంది. బ్రెజిల్ దేశంలో వియాటినా-19 అనే ఆవు ధర 40 కోట్ల రూపాయలు, అది మన ఒంగోలు జాతి, షేర్ చెయ్యకపోతే తెలుగువాడివి కాదు. నాకు ఒకే రోజు పదకొండు గ్రూపుల్లో వచ్చింది. ఒక యూట్యూబ్ చానెల్లో ఆవు బొమ్మ చుట్టూ ఎర్ర గుండ్రం గీసి, దానికో బాణం కూడా పెట్టారు. తెరంతా ఆవే ఉంటే బాణం దేన్ని చూపిస్తోందో అర్థం కాలేదు.

మా వీధి చివర టీ అంగడిలో ఆ రోజు పండగ వాతావరణం. తెల్లటి ఒళ్లు, ఎత్తైన మూపురం, వేలాడే గంగడోలు, 1,101 కిలోల బరువు. ఒక్కొక్కరూ సొంత కూతురికి అమెరికా సంబంధం కుదిరినట్టు చెప్పుకుంటున్నారు. అంతలో ఎవరో వార్త కింద దాకా చదివి బాంబు పేల్చారు. బ్రెజిల్ వాళ్లు ఆ జాతిని ఒంగోలు అనరట. 'నెలోర్' అంటారట.

నెల్లూరు జిల్లా కావలి నుంచి మా ఊరికి ఇల్లరికం వచ్చిన మామ ఒకాయన ఉన్నాడు. పాతికేళ్లుగా మాటపడి ఉన్నవాడు. ఆ రోజు గ్లాసు కిందపెట్టి లేచి నిలబడ్డాడు. "ఏందబ్బా, ఇప్పుడు చెప్పండి! ఆవు ఎవరిది?" అన్నాడు. ఒంగోలు దగ్గరి టంగుటూరు వైపు నుంచి వచ్చిన పెద్దాయన వెనక్కి తగ్గలేదు. "పేరు తప్పు రాసుకుంటే గిత్త మీదైపోద్దా? 2002 జాతీయ క్రీడలకి బొమ్మ పెట్టింది ఎవర్నయ్యా? ఒంగోలు గిత్తని! 'వీర' అని పేరు కూడా పెట్టారు" అన్నాడు. ఇద్దరూ నా వైపు తిరిగారు. ఏ నెల ఏ జిల్లాలో ఉంటానో తెలియనివాడు కాబట్టి తటస్థుణ్ణని వాళ్ల లెక్క.

ఇంటికెళ్లి తీరిగ్గా చూశాను. ఇద్దరి మాటా నిజమేనని తేలింది. మన పశువులు ఓడలెక్కి బ్రెజిల్ వెళ్లడం మొదలైంది పంతొమ్మిదో శతాబ్దంలో. అప్పుడు ఒంగోలు తాలూకా ఉన్నది నెల్లూరు జిల్లాలోనే. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడినప్పుడు అందులోకి వెళ్లింది. 1970లో సొంత జిల్లా వచ్చింది. అంటే ఆవు బయల్దేరిన రోజు చిరునామా ఏముందో బ్రెజిల్ వాడు అదే రాసుకున్నాడు. మనం ఇక్కడ మూడు సార్లు మార్చుకున్నాం, వాడికి కబురు పెట్టలేదు. ఆధార్ అప్‌డేట్ చేయించుకోకుండా విదేశాలకి వెళ్లిపోయిన మొదటి జీవి మన ఆవేనని నా పరిశోధన.

ఆ క్షణంలో నాకు ఆ ఆవు మీద బంధుప్రీతి పుట్టింది. పాపం, అదీ కందుకూరు మనిషి లాంటిదే.

నలభై కోట్ల సంగతి కూడా చెప్పాలి. ఆ డబ్బు లెక్కపెట్టి చేతికిచ్చిన వాడెవడూ లేడు. 2023లో ఒక వేలంలో ఆవులో మూడో వంతు వాటా అమ్మారు. దాన్ని మూడుతో హెచ్చవేసి మొత్తం ధర కట్టారు. మావాళ్లకి ఇందులో కొత్తేమీ కనబడలేదు. హైవే పక్కన ఒక అంకణం స్థలం ఎవడో ఎంతకో కొన్నాడని విని, మిగతా ఊరంతా ఆ రేటుకి హెచ్చవేసుకుని రాత్రికి రాత్రి కోటీశ్వరులమైపోవడం మాకు అలవాటే. బ్రెజిల్ వాళ్లు ఆవుకి చేశారు, మేం గుట్టలకి చేస్తున్నాం.

దాని అండాలు సేకరించుకునే అవకాశానికే రెండున్నర లక్షల డాలర్లు కడుతున్నారట. తుపాకీ పట్టుకున్న కాపలావాడు, సీసీ కెమెరాలు. హైవే పక్కన దాని గొప్పతనం చెబుతూ రెండు హోర్డింగులు. రెండే? మా ఊరి సెంటర్లో వార్డు నాయకుడి పుట్టినరోజుకి అంతకంటే ఎక్కువ ఫ్లెక్సీలు కడతారు, ఆయన బరువు తొంభై కిలోలు కూడా ఉండదు. ఆ ఆవు పూర్తి పేరు చివర 'మారా మోవెయిస్' అని ఉంటుంది. మోవెయిస్ అంటే పోర్చుగీసులో ఫర్నిచర్. ఇంటిపేరు చోట సోఫాలు, మంచాలు మోసుకు తిరుగుతున్న ఆవు! మనమే నయం, స్కూలు వార్షికోత్సవానికీ బండలాగుడు పందేలకీ మాత్రమే స్పాన్సర్లని పెడతాం.

వార్తలో ఒక వాక్యం మాత్రం టీ అంగడిలో ఎవరూ పైకి చదవలేదు. బ్రెజిల్లో ఆ జాతిని అంత ప్రేమగా పెంచేది దేనికోసం అన్నది ఆ వాక్యంలో ఉంది. టంగుటూరు పెద్దాయన అక్కడిదాకా వచ్చి, కళ్లజోడు తుడుచుకుని, మళ్లీ పై నుంచి బరువు దగ్గర మొదలుపెట్టాడు. నేనూ గుచ్చి అడగలేదు. గర్వపడటానికి వచ్చిన వార్తని పూర్తిగా చదవడం మర్యాద కాదు.

ఇంతకీ మన దగ్గర ఆ జాతి ఎక్కడుంది? ప్రభుత్వ లెక్కలో చదలవాడ పశుక్షేత్రంలో ఉంది. జనం లెక్కలో బండలాగుడు పందేల్లో ఉంది. పళ్లు లెక్కపెట్టి రెండు పళ్ల విభాగం, నాలుగు పళ్ల విభాగం, ఆరు పళ్ల విభాగం అని జతలు కట్టిస్తారు, మైకులో యజమాని పేరు గిత్త పేరు కంటే గట్టిగా చెబుతారు. మిగిలినవి సిమెంటు విగ్రహాలు. దుక్కికి ట్రాక్టరు వచ్చింది, పాలకి సంకరజాతి ఆవు వచ్చింది, ఒంగోలు గిత్తకి పౌరుషం మాత్రం మిగిలింది. మా పక్కింటాయన ఒక జత పెంచుతున్నాడు. ఉలవలు, గానుగపిండి, దాణా ఖర్చు చెప్పమంటే భార్య వినేలా చెప్పనన్నాడు.

ఆ రోజు సాయంత్రం మా అమ్మకి వార్త వినిపించాను. నలభై కోట్లు అన్నా చలించలేదు. "పదకొండు వందల కిలోలా? చుట్టూ పేడెవరెత్తుతారు రా?" అంది. టీవీ చర్చల్లో గంటన్నర కూర్చున్న నలుగురిలో ఒక్కరికీ తట్టని ప్రశ్న ఇది.

చర్చలతో పని కాదని నేనొక అర్జీ తయారు చేశాను. సదరు ఆవుకి నెల్లూరు, ప్రకాశం జిల్లాలు రెండింటిలోనూ ఉమ్మడి నివాస ధ్రువపత్రం ఇవ్వాలి. దాని బొమ్మ కందుకూరు సెంటర్లో పెట్టాలి, తల ఒంగోలు వైపు, తోక నెల్లూరు వైపు. కావలి మామ ఈ రెండో వాక్యానికి అభ్యంతరం చెప్పాడు. సరేనని, జిల్లా మారినప్పుడల్లా విగ్రహం తిరిగేలా కింద చక్రాలు అమర్చాలని చేర్చాను. టంగుటూరు పెద్దాయన సంతకం పెట్టాడు, మామ వేలిముద్ర వేస్తానన్నాడు, చదువుకున్నవాడివి కదా అంటే నిరసనగా అన్నాడు.

అర్జీ నిన్ననే శుభ్రంగా నీలం ఇంకుతో రాసి కవర్లో పెట్టాను. నా పేరు, వీధి, ఊరు, పిన్‌కోడ్ అన్నీ పెన్నుతోనే రాశాను. జిల్లా అన్నచోట మాత్రం పెన్సిలు వాడాను.