ఒంగోలు గిత్తా, జట్కా గుర్రమా?

మా ఇంట్లో ఒక వివాదం ఎనిమిదేళ్లుగా నడుస్తోంది. పొలం గట్టు గొడవైతే కోర్టుకు వెళ్లొచ్చు, మనవల కాలానికైనా తేలుతుంది. ఇది ఏ కోర్టు పరిధిలోకీ రాదు. పొట్టిగా, కాస్త దూకుడుగా ఉండే చిన్న కారుకు డీజిల్ ఇంజన్ ఉండాలా, పెట్రోలు ఇంజన్ ఉండాలా అన్నది ప్రశ్న. నేను పెట్రోలు పక్షం. మా బావమరిది డీజిల్ పక్షం. భోగి మంట ఆరకముందే మొదలయ్యే వాదన కనుమ నాటి గారెల దాకా సాగుతుంది. మధ్యలో భోజనానికి మాత్రం విరామం.

ఇద్దరి కార్లూ సెకండ్ హ్యాండువే, ఇద్దరివీ ఒకే పేరువి. ఫోక్స్‌వ్యాగన్ పోలో జిటి. 2013లో ఆ కంపెనీ మన దేశంలో ఈ బండిని రెండు రకాలుగా అమ్మింది. ఒకటి 1.2 లీటర్ల టర్బో (ఇంజన్‌లోకి ఎక్కువ గాలిని నెట్టే పంఖా ఉన్న) పెట్రోలు, ఏడు గేర్ల ఆటోమేటిక్. రెండోది 1.6 లీటర్ల టర్బో డీజిల్, అయిదు గేర్ల మాన్యువల్. రెండింటికీ 105 హార్స్‌పవరే. ధర కూడా రెండూ ఎనిమిది లక్షల చుట్టూనే.

ఇందులో ఎంత కుట్ర ఉందో పైకి కనిపించదు. సాధారణంగా డీజిల్ కారు పెట్రోలు కారు కంటే లక్షో, లక్షన్నరో ఎక్కువ ఉంటుంది. ఆ తేడా ఉంటేనే మనకు లెక్క వేసే అవకాశం. లెక్క ఉంటేనే మనసులో ఉన్న మాట బయట పెట్టకుండా దాచుకునే వీలు. రెండూ ఒకే ధర, ఒకే బలం అని చెప్పి 'నీకేది ఇష్టమో అది తీసుకో' అంటే తెలుగు మధ్యతరగతివాడు ఏమైపోవాలి? ఇష్టాన్ని బట్టి కొనడం మన ఇళ్లలో ఎప్పుడైనా ఉందా?

లెక్క ఎలా వేస్తామో తెలియనివాళ్ల కోసం ఒకసారి వేసి చూపిస్తాను. డీజిల్ కారుకు లక్షా ఇరవై వేలు ఎక్కువ పెట్టాం అనుకుందాం. పెట్రోలు లీటరు 107 రూపాయలు, మైలేజీ 15. డీజిల్ లీటరు 95, మైలేజీ 20. కిలోమీటరుకు మిగిలేది దాదాపు రెండు రూపాయల నలభై పైసలు. అంటే పెట్టిన డబ్బు తిరిగి రావాలంటే 50,000 కిలోమీటర్లు తిరగాలి. ఆఫీసు పది కిలోమీటర్ల దూరంలో ఉన్నవాడు నెలకు 500 తిరుగుతాడు. అతనికి అసలు చేతికి వచ్చేసరికి ఎనిమిదేళ్లు దాటుతుంది. మా అపార్ట్‌మెంటులో ఒకాయనకు ఈ సంగతి కారు కొన్నాక అర్థమైంది. ఆయన కుంగిపోలేదు. ఎక్కువ తిరిగితే త్వరగా గిట్టుబాటవుతుందని ఆ ఏడాది నాలుగుసార్లు తిరుపతి వెళ్లొచ్చాడు. కిలోమీటరుకు రెండు రూపాయల నలభై పైసల చొప్పున ఎంత మిగిలిందో నోట్‌బుక్కులో రాసుకున్నాడు. గదులకూ భోజనాలకూ అయిన ఖర్చు రాయడానికి ఆ పుస్తకంలో పేజీ లేదు.

ఈ జబ్బు మనకు ఊరికే రాలేదు. 2012 మే నెలలో ఢిల్లీలో పెట్రోలు లీటరు 73 రూపాయలు దాటితే డీజిల్ 41 దగ్గరే ఉంది. ఆ రోజుల్లో పెట్రోలు కారు కొన్నవాణ్ణి బంధువులు జాలిగా చూసేవారు. ఏ కంపెనీ షోరూముకు వెళ్లినా బానెట్ కింద అదే ఇంజన్. ఫియట్ వాళ్ల 1.3 మల్టీజెట్ స్విఫ్ట్‌లో ఉండేది, ఇండికా విస్టాలో ఉండేది, పుంటోలోనూ ఉండేది. ఒకే వంటవాడు ఊళ్లో మూడు పెళ్లిళ్లకూ వండినట్టు. దానికి జాతీయ ఇంజన్ అని ముద్దుపేరు కూడా పెట్టుకున్నాం. తర్వాత 2014 అక్టోబరులో ప్రభుత్వం డీజిల్ ధర మీద చెయ్యి తీసేసింది. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 అనే కొత్త పొగ నిబంధనలు వచ్చేసరికి మారుతి డీజిల్‌కు దండం పెట్టింది, డీజిల్ పోలో కూడా వెళ్లిపోయింది. 2022లో పెట్రోలు పోలో సైతం సెలవు తీసుకుంది. అంటే మేమిద్దరం ఇప్పుడు వాదించుకుంటున్నది షోరూములో దొరకని రెండు కార్ల గురించి. వాదనలో వేడి మాత్రం తగ్గలేదు.

కొలతల విషయంలో సర్కారు వారి తీర్పు ఒకటుంది. అది చెప్పకపోతే విచారణ అసమగ్రం. 2006 బడ్జెట్‌లో చిన్న కారుకు పన్ను తగ్గిస్తూ చిన్న కారంటే ఏమిటో కూడా చెప్పారు. పొడవు నాలుగు మీటర్లు మించకూడదు. పెట్రోలైతే 1200 సీసీ, డీజిలైతే 1500 సీసీ దాటకూడదు. మా రెండు కార్లనీ పక్కపక్కన నిలబెట్టి టేపుతో కొలిస్తే ఒకటే పొడవు. డోర్లు అవే, సీట్లు అవే, డిక్కీలో పట్టే బియ్యం బస్తాలు కూడా అన్నే. కానీ నాది 1197 సీసీ కాబట్టి చిన్న కారు. అతనిది 1598 సీసీ కాబట్టి పెద్ద కారు. ఆ పెద్దరికానికి పన్ను కూడా ఎక్కువే. మరుసటి ఏడాది కంపెనీ వారు ఆ డీజిల్ ఇంజన్‌ను 1498 సీసీకి తెచ్చి కారును చట్టప్రకారం చిన్నది చేశారు. హార్స్‌పవర్ ఒక్కటి కూడా తగ్గలేదు. 'మా బండిది కొన్నాళ్ల పెద్దరికం' అని బావమరిది ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటాడు.

ఇక అసలు తగాదా. హార్స్‌పవర్ సమానమే అయినా టార్క్ సమానం కాదు. నాది 175 న్యూటన్ మీటర్లు, అతనిది 250. టార్క్ అంటే ఏమిటో మా మామగారికి వివరించబోతే ఆయనే నాకు చెప్పారు. ఆయనది ప్రకాశం జిల్లా. బండలాగుడు పందేలు చూస్తూ పెరిగిన మనిషి. "గుర్రం ఉరుకుద్ది, గిత్త లాగుద్ది. అంతేగా అల్లుడుగారూ?" అన్నారు. అంతే. ఇంజనీరింగ్ కాలేజీలో నాకు ఒక సెమిస్టరు పట్టింది.

పెట్రోలు ఇంజన్‌లో గాలీ పెట్రోలూ కలిసిన చోట స్పార్క్ ప్లగ్గు నిప్పు పెడుతుంది. ఎవరో ఒకరు అంటిస్తే గానీ మండని స్వభావం. డీజిల్ ఇంజన్‌కు ఆ అవసరం లేదు. గాలిని పదహారు రెట్లో అంతకంటే ఎక్కువో నొక్కేస్తే అదే భగభగలాడేంత వేడెక్కుతుంది, అందులోకి డీజిల్ చిమ్మగానే తనంతట తానే మండుతుంది. ఒత్తిడి పెరిగితే దానంతటదే పేలే మనుషులు ప్రతి ఇంట్లో ఒకరుంటారు కాబట్టి దీన్ని అర్థం చేసుకోవడం కష్టం కాదు. ఆ ఒత్తిడిని తట్టుకోవాలి కాబట్టి ఇంజన్‌ను బరువుగా, గట్టిగా కడతారు. అందుకే మలుపుల్లో బావమరిది కారు ముక్కు కాస్త బద్ధకంగా తిరుగుతుంది. ఈ మాట అతని ముందు అనకండి.

అతని కారు నడిపే పద్ధతి ఒక వ్రతంలా ఉంటుంది. సిగ్నల్ పడగానే క్లచ్చు వదులుతాడు. ఏమీ జరగదు. బండి నింపాదిగా, పెళ్లివారి కారులా కదులుతుంది. టర్బో ఇంకా మేలుకోలేదు. ఇంజన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపే ముల్లు 1,500 దాటుతుంది, 1,800 దాటుతుంది. 2,000 దగ్గర ఎవరో వెనకనుంచి రెండు చేతులతో నెట్టినట్టు ఒక్క తోపు. సీటు వీపుకు అంటుకుంటుంది. మామగారు ముందు సీటు పట్టుకుంటారు. "చూశావా బావా?" అంటాడు. చూసేలోపే 4,500 వచ్చేస్తుంది, ఊపు అయిపోతుంది, గేరు మార్చాలి. మళ్లీ నిద్ర, మళ్లీ మేలుకొలుపు. నాది అలా కాదు. నా బండికీ టర్బో ఉందిగానీ అది పెందలాడే లేస్తుంది. పైగా ముల్లు ఆరు వేల దాకా హాయిగా పాడుకుంటూ పోతుంది. గేర్లు కూడా అదే వేసుకుంటుంది. అందుకే బావమరిది దృష్టిలో నేను డ్రైవరును కాను, స్టీరింగ్ ముందు కూర్చున్న ప్రయాణికుణ్ణి.

శబ్దం సంగతి మాట్లాడకపోవడమే మర్యాద. అయినా మాట్లాడతాను. స్పోర్ట్స్ కారు అంటే స్టార్ట్ చేయగానే వీధిలో కుర్రాళ్లు తల తిప్పాలి. బావమరిది ఊళ్లో తొలిసారి కారు స్టార్ట్ చేస్తే మామగారు తువ్వాలు భుజాన వేసుకుని పెరట్లోకి వెళ్లారు. ఆయిల్ ఇంజన్ ఎవరు వేశారో, చేనుకు నీళ్లు ఎవరు పెడుతున్నారో చూద్దామని.

ఇలాంటి అవమానాలకు బావమరిది దగ్గర ఒక బ్రహ్మాస్త్రం ఉంది. 2006లో ఫ్రాన్స్‌లోని లె మాన్స్‌లో 24 గంటల రేసును ఆడి ఆర్10 అనే డీజిల్ కారు గెలిచింది. డీజిల్ కారు ఆ రేసు గెలవడం అదే మొదటిసారి. నిజమే, ఒప్పుకోవాలి. కానీ ఆ గెలుపులో బంకు దగ్గర తక్కువసార్లు ఆగడం కూడా ఒక కారణం. అంటే ప్రపంచంలో అంత పెద్ద రేసును కూడా చివరికి మైలేజీ ఆదుకుంది. ఇది విన్నాక మా అత్తగారు కూడా డీజిల్ పక్షానికి మారారు.

నా బ్రహ్మాస్త్రం 2015 నాటిది. ఆ సెప్టెంబరులో అమెరికా పర్యావరణ సంస్థ ఫోక్స్‌వ్యాగన్ డీజిల్ కార్ల గుట్టు బయటపెట్టింది. పొగ పరీక్ష జరుగుతోందని కారులోని సాఫ్ట్‌వేర్ కనిపెట్టి, ఆ కాసేపు బుద్ధిగా ఉండి, రోడ్డెక్కాక మామూలుగా ప్రవర్తించేది. ప్రపంచవ్యాప్తంగా అలాంటి కార్లు కోటీ పది లక్షలని తేలింది. ఇది విని మొదట నేను నిర్ఘాంతపోయాను. తర్వాత ఆలోచిస్తే, డీఈఓ తనిఖీకి వచ్చే రోజు మా బడిలో గోడలకు సున్నం వేసి, మమ్మల్ని ఇస్త్రీ చొక్కాల్లో మొదటి బెంచీల్లో కూర్చోబెట్టిన సంగతి గుర్తొచ్చింది. ఆ సాఫ్ట్‌వేర్ రాసినవాడు మా హెడ్మాస్టరు దగ్గర చదివి ఉంటాడు.

పర్యావరణం మాట వచ్చింది కాబట్టి వంటింటి మాట కూడా. 1900లో పారిస్ ప్రదర్శనలో రుడాల్ఫ్ డీజిల్ కనిపెట్టిన ఇంజన్‌ను వేరుశనగ నూనెతో నడిపి చూపించారు. అనంతపురం వాళ్లు ఈ విషయాన్ని ఎందుకు వాడుకోలేదో నాకు తెలియదు. ఆ లెక్కన బావమరిది కారు పొగ గొట్టం దగ్గర బజ్జీల వాసన రావాల్సింది. పాపం రుడాల్ఫ్ 1913లో ఓడలో ఇంగ్లండ్ వెళుతూ రాత్రికి రాత్రి మాయమయ్యాడు. పెట్రోలు వాళ్లు ఏమీ తక్కువ తినలేదు. ఇప్పుడు బంకులో పోయించుకునే పెట్రోలులో అయిదో వంతు ఇథనాల్. చెరుకు, బియ్యం, మొక్కజొన్నల నుంచి తీసింది. ఫుల్ ట్యాంకు కొట్టించి బయటికి వస్తుంటే అన్నదానం చేసిన తృప్తి కలుగుతుంది. మైలేజీ తగ్గిందని గొణిగితే పుణ్యం పోతుంది.

ఇంత శాస్త్రం చెప్పుకున్నాక కూడా మేమిద్దరం అసలు మాట అనం. వేగంగా పోవాలని ఉంది, అందుకే కొన్నాను అని ఏ తెలుగు ఇంట్లోనైనా ఎవరైనా అనగా విన్నారా? ఆషాఢం తగ్గింపులో పట్టుచీర కొన్న ఇల్లాలు చీర ఎంత బాగుందో చెప్పదు, ఎంత తగ్గిందో చెబుతుంది. బావమరిదీ అంతే. ఇరవై ఏళ్ల వయసులో బైకు మీద తీరని సరదా ముప్పై ఎనిమిదేళ్లకు కారు మీద తీర్చుకుంటూ, అడిగినవాళ్లకు మాత్రం "లీటరుకు ఇరవై ఇస్తోందండీ" అంటాడు. సరదాను పొదుపు కింద రాసుకోవడానికి డీజిల్‌ను మించిన ఖాతా లేదు. నేను నిజాయితీపరుణ్ణి కాబట్టి అలాంటి సాకులు చెప్పను. 'సర్వీసు ఖర్చు తక్కువ' అని చెబుతాను.

ఇప్పుడు కొత్తగా కొనాలనుకునేవాళ్లకు ఈ తగాదా లేదు. డీజిల్ ఇంజన్‌తో మన దగ్గర మిగిలిన హ్యాచ్‌బ్యాక్ (డిక్కీ వెనక్కి పొడుచుకురాని చిన్న కారు) టాటా ఆల్ట్రోజ్ ఒక్కటే. దాన్నే రేసర్ అని పేరు మార్చి 120 హార్స్‌పవర్‌తో అమ్మినప్పుడు మాత్రం టాటా వారు పెట్రోలే పెట్టారు. ఈ వార్త నేను బావమరిదికి వాట్సాప్ చేశాను. రెండు నీలం టిక్కులు పడ్డాయి, జవాబు రాలేదు.

మొన్న కార్తీకంలో ఈ వివాదాన్ని శాస్త్రీయంగా తేల్చాలని రెండు కార్లూ వేసుకుని శ్రీశైలం వెళ్లాం. తిరుగు ప్రయాణంలో నిష్పాక్షికత కోసం నేను బావమరిది పక్కన కూర్చున్నాను, వెనక మామగారు. నా కారు మా ఆవిడ నడుపుతోంది, పక్కన అత్తగారు. వాళ్లకు ఈ పరీక్ష గురించి చెప్పలేదు. డ్యామ్ దాటాక ఎక్కుడు మొదలైంది. రెండు మలుపులు తిరిగేసరికి పెట్రోలు కారు ముందుకెళ్లి కనిపించకుండా పోయింది. "వదిలేశాన్లే బావా, అక్క కదా" అన్నాడు బావమరిది. ముందు ఒక సిమెంటు లారీ. దాని వెనక మేము. రోడ్డు కాస్త తిన్నగా కనిపించినచోట అతను మూడో గేరులోనే యాక్సిలరేటర్ తొక్కాడు. టర్బో ఇంకా లేవలేదు.

అంతలో వెనకనుంచి హారన్. ఆర్టీసీ ఎక్స్‌ప్రెస్ బస్సు. నిండా జనం, తడి పంచెలు కిటికీలకు ఎగురుతున్నాయి. మమ్మల్నీ లారీనీ ఒకే ఊపులో దాటి, మలుపు ముందు కుడి ఎడమలు సరిచేసుకుని వెళ్లిపోయింది. డ్రైవరు ఒక చేత్తో స్టీరింగ్ తిప్పుతూ రెండో చేత్తో తమలపాకులకు సున్నం రాసుకుంటున్నాడు.

మామగారు చాలాసేపు ఆ బస్సు వెళ్లిన వైపే చూశారు.

"అదేందిరా, డీజిలేనా?"

"డీజిలే నాన్నా."

"మరి దానికి జిటి అని రాయలేదేం?"

బావమరిది మాట్లాడలేదు. ముల్లు 1,800 దగ్గర ఉంది.